కిటికీ చువ్వకు పసుపు కొమ్ము

పోయిన నెల నిజామాబాద్ బస్టాండు బయట పండ్ల బండి ముందు నిలబడి బత్తాయిలు ఏరుకుంటుంటే, వెనక నుంచి ఎవరో "వసుంధరమ్మా" అని పిలిచారు. నేను తిరిగి చూశాను. అలా తిరిగినందుకు నా మెడ మీద నాకు ఇప్పటికీ కోపంగా ఉంది. నా పేరు గంగామణి. మా అవ్వ పెట్టిన పేరు. బడిలో, పెళ్ళి పత్రికలో, పెన్షన్ కాగితాల్లో, అన్నిచోట్లా అదే ఉంది. వసుంధర అనే మనిషిని నేను ఒక్కసారే చూశాను, అదీ పొగమంచులో, ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర. అయినా ఆ పేరు చెవిన పడగానే మెడ దానంతటదే తిరిగింది. పండ్లబ్బాయి నా ముఖం చూసి, బేరం కుదరక కోపం వచ్చిందనుకుని, ఇంకో కాయ ఎక్కువ వేశాడు.

పిలిచింది పోశెట్టన్న. నేను మొదట నౌకరి చేసిన చక్కెర ఫ్యాక్టరీలో పాకం వండే చోట పెద్దమనిషి. అప్పుడు గడపకు అడ్డంగా నిలబడితే వెలుగు రానంత మనిషి. ఇప్పుడు చేతికర్ర, దాని మీద ఆయన, అంతే మిగిలారు. "నువ్వింక బతికే ఉన్నవా బిడ్డా?" అన్నాడు ముందుగా. ఇన్నేళ్ళకు కనబడిన మనిషిని అడగవలసిన మాటేనా అది? ఆయన దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఫ్యాక్టరీని తుక్కు కింద అమ్మేసిండ్రు. గ్యాసు పెట్టి కోస్తున్రు. పాకం పెంకలు పోయినయ్, బాయిలర్ పోయింది. ల్యాబు గోడొక్కటి ఉన్నది. కిటికీకి నీ ముడి గట్లనే ఉన్నది. కూలగొట్టకముందే వచ్చి విప్పు బిడ్డా. నాకు మనసున పడతలేదు."

"అది నా ముడి కాదన్నా," అన్నాను.

"ఇంకా గదే మాటనా? నీ మొండితనం సల్లగుండ!" అన్నాడు.

ఎవరి మొండితనమో చదివేవాళ్ళు తేల్చాలి. అందుకే రాస్తున్నాను.

మాది ధర్పల్లి. పసుపు పండించే ఇల్లు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా ఇంట్లో బట్టలకు, అన్నానికి, నిద్రకు కూడా అదే వాసన. బాపు గోర్లలో ఆ పచ్చదనం ఎండాకాలం దాకా పోయేది కాదు. అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. మా అవ్వకు ఒక అలవాటుండేది. ఎవరు పిలిచినా మొదటిసారికి పలికేది కాదు. బాపు వాకిట్లో నుంచి అరిచినా, పక్కింటామె గోడ మీద నుంచి పిలిచినా, చేస్తున్న పని చేసుకుంటూ వినేది. మూడోసారికి "ఆఁ" అనేది. బాపు తిట్టేవాడు, చెవుడా అని. "పిలిసింది మనిషో కాదో మూడోసారికే తెలుస్తది," అనేది అవ్వ. నాకు నౌకరి వచ్చిందని తెలిసిన రోజు బాపు ఊరంతా తిరిగి "మా గంగామణికి కంపెనీల నౌకరి" అని చెప్పుకున్నాడు. అవ్వ మాత్రం నా పెట్టె సర్దుతూ, కారప్పొడి డబ్బా మూత గుడ్డతో బిగించి కడుతూ, "పెద్ద కంపెనీల శానమంది ఉంటరు. నీది గాని పేరుకు పలుకకు బిడ్డా. ఒక్కసారి పలికితే అది నీదైతది," అంది. భోజనాల బంతిలో ఎవరో ఒకరి పేరు ఇంకొకరికి పెట్టి పిలవడం ఊళ్ళలో మామూలే కదా అని నేను నవ్వాను. ఆవిడకు ఎలా తెలుసో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఫ్యాక్టరీ బోధన్ దాటి కాలువ వెంట పోతే వచ్చేది. దాని పేరు రాయను, అదిప్పుడు లేదు. బస్సు దిగకముందే వాసన ఎదురొచ్చేది. బెల్లం మాడినట్టు, దాని కింద ఏదో పులిసినట్టు. చెరకు లారీలు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా నిలబడి ఉండేవి. చెరకు పిప్పి కాల్చిన పొగ గొట్టంలోంచి వచ్చి, నల్లటి మసి రేకులుగా మెల్లగా దిగేది. నేను ఆ రోజు తెల్ల చీర కట్టుకున్నాను, మొదటి రోజు కదా అని. గేటు దాటి ఆఫీసుకు చేరేలోపు భుజాల మీద మసి పడింది. దులిపితే గీతలైంది. ఆఫీసు గుమస్తా నా చీర వైపు చూసి నవ్వాడు, కూర్చోమనలేదు. ఆ నవ్వు నాకు గుర్తుంది.

నా పని చెరకు రసం పరీక్ష చేసే ల్యాబులో, దానికి పెద్ద నారాయణ సార్. నా ఆర్డరు చదివాడు, పైనుంచి కింది దాకా, నెమ్మదిగా. మడిచి ఇచ్చాడు. తలెత్తకుండానే, "వసుంధర కుర్చీ అదే, కూర్చో," అన్నాడు. కూర్చున్నాను. కుర్చీ మీద చిన్న గుడ్డ దిండు, మధ్యలో గుంట, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. కొక్కేనికి తెల్లకోటు, చేతులు మోచేతి దాకా మడిచి ఉన్నాయి. కాసేపటికి సార్, "వసుంధరా, మిల్లు కాడికి పోయి రసం పట్టుకరా," అన్నాడు. నేను చుట్టూ చూశాను. గదిలో ఇంకెవరూ లేరు.

"సార్, నా పేరు గంగామణి."

"ఎరుకనే. ఇప్పుడే చదివిన గద."

"మరి వసుంధర అంటున్నారు?"

"రసం సల్లారుతది. పో వసుంధరా."

మిల్లు దగ్గర రసం పట్టి ఇచ్చినతను "ఇగో వసుంధరమ్మా" అన్నాడు. క్యాంటీన్‌లో సగం గ్లాసు టీ పోసి నా ముందు పెట్టారు. ధర్పల్లి నుంచి చీకటితో బయలుదేరి వచ్చిన మనిషిని, నిండు గ్లాసు అడిగాను. "నువ్వు సగమే తాగుతవు గదమ్మా," అన్నాడు టీ అతను, నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినట్టు. వాదించాను. ఇంకో సగం పోయలేదు. ఇన్నేళ్ళైనా ఆ సగం గ్లాసు బాకీ అలాగే ఉంది.

ఉండడానికి నారాయణ సారే ఒక చోటు చూపించాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్న రైతుల క్యాంపు అది. అక్కడ అనసూయమ్మగారని ఒంటరి విధవ, వీధి వైపు గది అద్దెకిచ్చేది. సాయంత్రం పెట్టె మోసుకుంటూ ఆ వీధిలో నడిచాను. తలుపు కొట్టబోతే, నా చెయ్యి తలుపుకు తగలకముందే అది తెరుచుకుంది. "నీ అడుగుల చప్పుడు వినపడిందమ్మా. ఇంత ఆలస్యమైందేం?" అందావిడ. నేనావిడను అంతకుముందు చూడలేదు. గదిలో మంచం, గూట్లో దువ్వెన, గోడకు తగిలించిన గుడ్డసంచి. దువ్వెనలో వెంట్రుకలు లేవు, కడిగి పెట్టింది. అన్నం పెట్టి, చివర్లో పెరుగు పోసి, దాని మీద చెంచాడు పంచదార చల్లింది. మా ఇంట్లో పెరుగన్నంలోకి మిరపకారం నంజుకుంటాం. పంచదార పెరుగు చంటిపిల్లలకు పెడతారు. "పిన్నిగారూ, నాకిది అలవాటు లేదండీ, కారం ఉందా?" అన్నాను. ఆవిడ నవ్వింది. "నీకు కారం పడదు కదమ్మా. కడుపులో మంటంటావు." ఆ రాత్రి మా అవ్వ కట్టిచ్చిన కారప్పొడి డబ్బా గూట్లో పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున అది వంటింట్లో అటక మీదికి చేరింది.

కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం పోశెట్టన్నను పట్టుకున్నాను. "అన్నా, ఈ వసుంధర ఎవరు?"

ఆయన నన్ను ల్యాబు కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. కిటికీకి నిలువు చువ్వలు. ఒక్కో చువ్వకు ఒక పసుపు కొమ్ము, దారంతో కట్టి ఉంది. పసుపు ఇంట్లో పుట్టిన నేను అంతవరకు గమనించలేదు. "బాయిలర్‌ల అగ్గి ఏసిన పొద్దు ఎవరి పని కాడ వాళ్ళు ముడి కట్టుకుంటం. చెరకు అయిపోయి సీజన్ ఒడిసిన పొద్దు నేను పేరు పెట్టి పిలుస్త. పిలిసినోళ్ళు 'ఆఁ' అని పలికి, ముడి విప్పి, కొమ్ము ఆఖరి అగ్గిల ఏస్తరు. అప్పుడు అగ్గి సల్లార్పుతం. అగ్గి ఎంతమందిని సూసిందో అంతమంది మళ్ళ కనపడాలె బిడ్డా. తక్కువైతే అది ఎతుక్కుంటది."

"నడుమ ఎవరైనా పోతే?"

"వాళ్ళ జాగల ఎవరొస్తే వాళ్ళు ఆ పేరుకు పలుకుతరు. సీజన్ ఒడిసే దాకనే. ఎన్కట నుంచి గంతే." ఒక చువ్వ చూపించాడు. "గిది వసుంధరది. పిల్ల మంచిది. రోగమొచ్చి పట్నం దవాఖానకు తోలిండ్రు. మన చక్కెర లారీ డ్రైవర్ సూడపోతే మంచం ఖాళీగ ఉన్నది. దుప్పటి గుంజేసి ఉన్నది. ఇంకేముంది? అందరం ఏడ్చినం. క్యాంటీన్ బంద్ పెట్టినం. తర్వాత నువ్వొచ్చినవ్."

"నేను పలకను," అన్నాను.

ఆయన నవ్వాడు. "మెడ తిప్పినంక నోరెంత దూరం బిడ్డా?"

నేను కంపెనీ మేనేజరుకు అర్జీ పెట్టుకున్నాను. ఆయన పిలిపించి, పెద్ద బల్ల అవతల నుంచి మర్యాదగానే అడిగాడు. ఆర్డరు మీద ఎవరి పేరుంది? నాదే. జీతం ఎవరి పేరున వస్తోంది? నా పేరునే. మరి ఇబ్బందేమిటి? కాగితాల మీద నేను నిక్షేపంగా గంగామణిని. మనుషుల నోళ్ళలోనే లేను. లేచి వస్తుంటే ఆయన, "పర్వాలేదు వసుంధరగారూ, అలవాటైపోతుంది," అన్నాడు.

అలవాటు కాకూడదని ఎంత పట్టుబట్టినా కొన్ని నా చేతిలో లేకుండా పోయాయి. తెల్లకోటు చేతులు విప్పి నిటారుగా చేసుకునేదాన్ని, మధ్యాహ్నానికి మళ్ళీ మోచేతి దాకా మడిచి ఉండేవి. నేనే మడిచేదాన్ని, ఎప్పుడో తెలిసేది కాదు. దిండు గుంటలో నా నడుము సర్దుకుంది. టీ సగం గ్లాసుతో చాలనిపించసాగింది. సెలవుకు ఇంటికి పోతే అవ్వ వండిన పచ్చిపులుసుకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, కడుపులో మంట పుట్టింది. అవ్వ నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత నేను పెరట్లో ఉంటే "గంగామణీ" అని పిలిచింది. వినపడింది, కానీ ఎవరినో అనుకున్నాను. రెండోసారి పిలిచింది. మూడోసారికి తిరిగి చూశాను. మీ అవ్వ అలవాటు ఇప్పుడు నీకొచ్చిందా అని బాపు నవ్వాడు. అవ్వ నవ్వలేదు. అయితే ఒకటి మాత్రం కాపాడుకున్నాను. మెడ తిప్పానేమో గాని, ఆ పేరుకు "ఆఁ" అని నా నోటితో ఒక్కసారి కూడా అనలేదు. ఎవరు పిలిచినా ఎదురుగా పోయి నిలబడేదాన్ని, "ఏంటి" అనేదాన్ని. ఆ నౌకరిలో ఉన్నంత కాలం నేను చేసిన అసలు పని అదే.

చలికాలం నడిమిలో ఒక పొద్దున కాలువ మీద నుంచి పొగమంచు లేచి ఫ్యాక్టరీ దాకా వచ్చింది. లారీల లైట్లు పచ్చగా, ఎక్కడివో తెలియకుండా కనబడుతున్నాయి. నేను లోపలికి పోయి కోటు వేసుకుని, ఏదో గుర్తొచ్చి మళ్ళీ గేటు వైపు వస్తుంటే, కావలి ఖాజా భాయ్ గొంతు వినపడింది. "వసుంధరమ్మ లోపట్నే ఉన్నది. పొద్దుగాల నా ముంగటకెల్లే పోయింది. నువ్వెవరమ్మా?"

గేటు అవతల ఒకామె నిలబడి ఉంది. సన్నటి మనిషి, తల నిండా శాలువా కప్పుకుంది. శాలువా కింద జుట్టు ఉన్నట్టు లేదు. "ఖాజా భాయ్, నేనే కదా. పట్నంలో నన్ను ఇంకో ఆసుపత్రికి మార్చారు. ఇప్పుడు తగ్గింది," అంటోంది. ఖాజా భాయ్ ఆమెను ఎన్నేళ్ళుగా ఎరుగునో నాకు తెలియదు. ఆయన కళ్ళు మాత్రం ఆమె మీద లేవు, ఆమె పక్కన గేటు కమ్మీ మీద ఉన్నాయి. ఆ కళ్ళు తడిగా ఉన్నాయి. "వసుంధరమ్మ లోపటున్నదమ్మా," అన్నాడు మళ్ళీ. "నన్నడగకు. నేను గంతే చెప్తా."

నేను పరుగున గేటు దగ్గరికి పోయాను. నా సంతోషం చెప్పలేను. మనిషి బతికి వచ్చిందని కాదు, నిజం చెప్పాలంటే, నా పీడ వదిలిందని. "భాయ్, ఈమే వసుంధర. నేను గంగామణిని. లోపలికి రానివ్వండి," అన్నాను. అప్పుడే షిఫ్టు దిగి పోతున్నవాళ్ళు నలుగురు ఆగారు. ఎవరూ ఆమె వైపు చూడలేదు. అందరూ నా వైపే చూశారు. "నడువమ్మా వసుంధరా, రసం టైమైంది," అన్నాడు ఒకడు నెమ్మదిగా, పిచ్చిదానితో మాట్లాడినట్టు. నారాయణ సార్ వచ్చాడు. నన్ను పక్కకు పిలిచి, "ఆమె వసుంధర అయితే నీ కుర్చీ ఏమైతదో ఆలోచన చేసినవా?" అన్నాడు. నేను చెయ్యలేదు. ఆయన చెప్పాక చేశాను. బాపు ఊరంతా తిరిగి చెప్పుకోవడం గుర్తొచ్చింది. అయినా, "నా పేరు నాకు కావాలి సార్. కుర్చీ సంగతి తర్వాత," అన్నాను. ఆ మాట గట్టిగానే అన్నాను. ఆమెకు వినపడేలా.

విని, ఆమె కమ్మీల మధ్య నుంచి నన్ను పిలిచింది. చెయ్యూపి పిలిచింది, పేరు పెట్టి కాదు. దగ్గరగా చూస్తే నా వయసే. నా మోచేతుల దగ్గర మడిచిన కోటు చూసింది. సర్దుకోబోయినట్టు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "మా ఇంట్లో కూడా ఇంతేనండీ. కర్మ చేసేశారు. నన్ను చూసి తలుపు మూసుకున్నారు. అనసూయ పిన్నిగారు కూడా, ఇప్పుడే వస్తున్నా అక్కడినుంచి, మా వసుంధర పనికెళ్ళిందమ్మా అన్నారు," అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు నయంగా ఉండేది. "మీ నౌకరీ తీసుకోను. నాకొద్దు. ఒక్కటి చేసిపెట్టండి. నా ముడి మాత్రం ఎవర్నీ విప్పనివ్వకండి. మీరూ విప్పకండి. పిలిచినప్పుడు నేనే వచ్చి పలుకుతాను."

"సరే, విప్పను. వస్తారా?" అన్నాను.

"నా పేరు కదండీ," అంది. పొగమంచులోకి నడిచి పోయింది. ఎటు పోతుందో చెప్పలేదు, చెప్పాలని ఆమెకు తోచలేదు, అడగాలని నాకు తోచలేదు. నా పేరు విని కూడా, ఆమె కూడా నన్ను ఆ పేరుతో ఒక్కసారీ పిలవలేదు. ఆ సంగతి నాకు ఇంటికి పోయాక తట్టింది.

ఆ సాయంత్రం అనసూయమ్మగారితో, "వసుంధర వచ్చిందటగా పిన్నిగారూ" అన్నాను. ఆవిడ పెరుగు పోస్తోంది. చెయ్యి ఆగింది. "వచ్చావుగా తల్లీ. రోజూ వస్తావుగా," అని పంచదార చల్లింది. నా వైపు చూడకుండా ఇంకో చెంచా కూడా చల్లింది. ఆవిడకు తెలుసు. అందరికీ తెలుసు. పోశెట్టన్నను అడిగితే, "తప్పు మాదే. మంచం ఖాళీగుంటే మనిషి లేదనుకున్నం. కాని ఒకసారి జాగ నింపినంక ఇద్దరుండరాదు బిడ్డా. అగ్గి ఎవర్ని లెక్కపెట్టుకోవాలె? సీజన్ ఒడువనియ్యి. నువ్వు పలికి విప్పినంక ఆ పేరు ఖాళీ అయితది. అప్పుడు ఆమె అడిగితే ఆమెకిస్తం," అన్నాడు.

చెరకు అయిపోయింది. ఎండలు మొదలైనాయి. ఆఖరి లారీ దించిన మధ్యాహ్నం అందరూ ల్యాబు ముందు, పాకం ఇంటి ముందు గుంపులుగా నిలబడ్డారు. మిల్లు ఆగింది. అన్నాళ్ళు ఆగకుండా మోగిన చప్పుడు ఆగితే, ఆ నిశ్శబ్దం నీళ్ళలో మునిగినప్పుడు చెవులు మూసుకున్నట్టు ఉంటుంది. పోశెట్టన్న ఒక్కో పేరు పిలిచాడు. "ఆఁ" అంటూ ఒక్కొక్కరు ముడి విప్పారు. "వసుంధరా" అన్నాడు. నేను గేటు వైపు చూశాను. రోడ్డు ఖాళీగా, ఎండలో తెల్లగా ఉంది. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాడు. అందరూ నన్నే చూస్తున్నారు. నారాయణ సార్ "అనమ్మా" అని గొణిగాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆమె పలుకుతానంది. మాటంటే మాట. పొద్దు గూకే దాకా ఆగి ఆగి పిలిచాడు పోశెట్టన్న, గొంతు బొంగురుపోయింది. ఆమె రాలేదు. చివరికి ఆ ముడి అలాగే ఉండగా అగ్గి ఆర్పేశారు. చెయ్యకూడని పని చేసినట్టు, ఎవరి మానాన వాళ్ళు వెళ్ళిపోయారు.

కొత్త సీజనుకు నా ముడి నేను కట్టుకుందామని, బాపు చేలోంచి మంచి కొమ్ము ఏరి తెచ్చుకున్నాను. పోశెట్టన్న నా చెయ్యి ఆపాడు. ఆ ముడి విప్పకుండా ఈ ముడి కట్టరాదట. సీజన్ దాకా అన్న పేరు, అలా నేను అక్కడున్నంత కాలం నా మీదే ఉండిపోయింది. ప్రతి ఏడూ ఆఖరి రోజు పిలిచేవాడు, ప్రతి ఏడూ నేను గేటు వైపు చూసేదాన్ని. పలికి విప్పేసి ఉంటే ఒక్క సీజనుతో పోయేది కదా అని తర్వాత చాలామంది అన్నారు. నా మాట తప్పమని సలహా చెప్పడం వాళ్ళకు సులువే. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, అదీ సీజను మధ్యలో, ఎవరినీ పిలవకుండానే. నేను నిజామాబాద్ వచ్చి ఒక కాలేజీ ల్యాబులో చేరి, అక్కడే రిటైరయ్యాను. అక్కడ మొదటి రోజు నన్ను "గంగామణిగారూ" అని పిలిస్తే, పక్కన ఎవరైనా ఉన్నారేమోనని చూశాను.

పోశెట్టన్న ఊరికే వదలలేదు. ఆయన మనవడి ఆటోలో ఒక పొద్దున పోయాం. ఇప్పుడు రోడ్డు వెడల్పైంది, క్యాంపులో డాబాలు లేచాయి, అనసూయమ్మగారి ఇల్లున్న చోట ఎరువుల దుకాణం ఉంది. చెరకు లేదు, కాలువకు రెండు పక్కలా వరి. వాసన లేదు. అదే నాకు అన్నిటికంటే కొత్తగా అనిపించింది, ఆ మలుపు తిరిగి ఊపిరి పీలిస్తే ఏమీ రాకపోవడం. గేటు లేదు, గేటు స్తంభాలున్నాయి. లోపల ఇనుము కోసేవాళ్ళు మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. మమ్మల్ని చూసి పని ఆపి, టీ తాగడానికి పోయారు. మిల్లు ఆగినప్పటి నిశ్శబ్దమే మళ్ళీ.

ల్యాబు కప్పు లేదు. కిటికీ ఉంది. చువ్వలన్నింటికీ దారపు పోగులే మిగిలాయి, మూతపడ్డ ఏటివి, ఎండి రాలిపోయినవి. ఒక్క చువ్వకు మాత్రం కొమ్ము ఉంది. నల్లబడింది, ముడుచుకుపోయింది, కానీ ముడి బిగువుగా ఉంది. నేను వేలితో తాకాను. వేలికి పచ్చగా అంటింది. ఎన్ని వానలు కురిసి ఉంటాయి దాని మీద.

"నేను పలకనన్నా. ముందే చెప్తున్నా," అన్నాను.

"నా పని నేను చేస్త," అన్నాడు. కర్ర గోడకు ఆనించి నిలబడి, వెనకటి గొంతు తెచ్చుకుని పిలిచాడు. "వసుంధరా!" మిగతా గోడలు లేని ఆ చోట పిలుపు దూరం పోయింది. నేను నోరు మూసుకున్నాను. రెండోసారి పిలిచాడు. నేను, అలవాటు చొప్పున, గేటు స్తంభాల వైపు చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. మూడోసారి పిలిచాడు.

"ఆఁ."

నా వెనక నుంచి వచ్చింది, అప్పట్లో వసుంధర కుర్చీ ఉండే మూల నుంచి. పెద్దగా కాదు, పని చేసుకుంటూ పలికినట్టు. నేను వెంటనే తిరగలేదు. తిరిగి చూసేసరికి పిచ్చిమొక్కలు, పెంకులు. పోశెట్టన్న ముఖం మీద చెమట, కన్నీళ్ళు కలిసి కారుతున్నాయి. "పలికినవా బిడ్డా, నీ కడుపు సల్లగుండ. ఇన్నేండ్లకు పలికినవ్," అన్నాడు.

"నేను కాదు," అన్నాను.

"సరే సరే. విప్పు."

అది నా గొంతు కాదు. నా నోరు మూసే ఉంది, నా పళ్ళ బిగువు నాకు తెలుసు. ఆయన నమ్మలేదు, మీరూ నమ్మకపోవచ్చు. నేను చెయ్యి పెట్టకముందే ముడి వదులైంది, పట్టుకుంటే దారం చేతికొచ్చింది. కొమ్ము వెయ్యడానికి అగ్గి లేదు. కోసేవాళ్ళ టీ పొయ్యిలో వేశాం. ఒక్క క్షణం మా ఇంటి వాసన వచ్చింది, పసుపు ఉడికే వాసన. తర్వాత పోయింది.

ఆటో వైపు నడుస్తుంటే పోశెట్టన్న ఆగాడు. నా ముఖంలోకి, మొట్టమొదటిసారి చూస్తున్నట్టు, కళ్ళు చికిలించి చూశాడు. "నీ పేరేందమ్మా?" అన్నాడు.

"గంగామణి."

"గంగామణి," అని తనలో తాను అనుకుని తల ఊపాడు. "మంచి పేరు. మొదలే చెప్పకపోతివి?"

ఆ మాటను నేను చచ్చేదాకా మర్చిపోను. ఆయన మాత్రం ఆటోలో దారి పొడుగునా నిద్రపోయాడు, ఎన్నాళ్ళకో పట్టిన నిద్ర.

ఇంటికొచ్చి అన్నం తిని పెరుగు పోసుకున్నాను. కారం డబ్బా పక్కనే ఉంది. కావాలనే పక్కన పెట్టుకున్నాను. ఎప్పుడు లేచానో, అటక మీది పంచదార ఎప్పుడు తీశానో తెలియదు. చూసేసరికి చెంచాడు చల్లి ఉంది, కలిపి కూడా ఉంది. కిటికీ ముడి విడింది గాని, నాలో మిగిలిన ఈ ముడి ఎక్కడ కట్టి ఉందో, దాన్ని ఏ పేరు పెట్టి పిలిస్తే విడుతుందో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.